పది ఆజ్ఞలు, గుప్పెడు చింతగింజలు

మా చిన్నప్పుడు పది ఆజ్ఞలు నేర్పడానికి ఒకటే పద్ధతి. సండే స్కూల్లో వరసగా నిలబెట్టి అప్పజెప్పించేవాళ్లు. మధ్యలో ఆగితే మళ్లీ వచ్చే ఆదివారం మొదటి నుంచి. పదీ ఆగకుండా చెప్పినవాళ్లకు ఒక రంగుల బొమ్మ కార్డు. నన్ను ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా పదీ వస్తాయి. అయితే పదో ఆజ్ఞ దగ్గరికొచ్చేసరికి నాకు గుర్తొచ్చేది పొరుగువాడు కాదు, ఆ జాబితాలో చివర్న వచ్చే గాడిద. మా ఊళ్లో ఎవరికీ గాడిద లేదు కాబట్టి పదో ఆజ్ఞ నాకు వర్తించదనుకుని చాలా ఏళ్లు హాయిగా ఉన్నాను.

నా పిల్లల దగ్గర ఆ పద్ధతి పనిచేయలేదు. పెద్దోడు ఏడో తరగతి, చిన్నది రెండు. పెద్దోడికి కంఠత వాక్యాలు రైలు పెట్టెల్లా వస్తాయి, కానీ పెట్టెల్లో ఏమీ ఉండదు. చిన్నది ప్రతి మాట దగ్గరా ఆగి అర్థం అడుగుతుంది. మన పాత అనువాదంలోని మాటలు ఏడేళ్ల పిల్లకు చెప్పడం ఎంత కష్టమో ఏడో ఆజ్ఞ చెప్పబోయిన తల్లులందరికీ తెలుసు. అందుకే కరోనా ఏడాది బడీ చర్చీ రెండూ మూతపడ్డప్పుడు ఆటలు మొదలుపెట్టాను. అప్పటి నుంచి ఎండాకాలం సెలవులొచ్చినప్పుడల్లా మా భైంసా ఇంట్లో మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక గంట ఇదే పని. బయట ఆ ఎండలో పిల్లల్ని పంపించలేం, లోపల ఉంచితే ఫోన్ వదలరు.

వేళ్లతో మొదలుపెట్టాం. ఆజ్ఞలు పది, వేళ్లు పది. ఇది ప్రపంచంలో చాలాచోట్ల సండే స్కూలు టీచర్లు చేసేదే, కాకపోతే గుర్తులు మేమే పెట్టుకున్నాం. ఒక వేలు పైకెత్తితే దేవుడు ఒక్కడే. రెండో దానికి ఒక వేలు ముందు ఇంకో వేలు వంగుతుంది, వెంటనే తల అడ్డంగా ఊపాలి. మూడు వేళ్లు పెదాల మీద పెడితే ఆయన పేరు ఊరికే వాడొద్దని. నాలుగు వేళ్లు అరచేతిలో పడుకోబెట్టి బొటనవేలు దుప్పట్లో దాచినట్టు ముడిస్తే విశ్రాంతి దినం. ఐదు వేళ్లూ కలిస్తే చెయ్యి, అంటే ఇల్లు, అమ్మానాన్న. ఎనిమిదికి రెండు చేతుల నాలుగేసి వేళ్లు మొహం ముందు జైలు ఊచల్లా. పదికి అన్ని వేళ్లూ ఆడిస్తూ ‘నాక్కావాలె, నాక్కావాలె’. చిన్నది రెండు రోజుల్లో నేర్చుకుంది. ఆరు, ఏడు, తొమ్మిదికి ఏ గుర్తులు పెట్టామో చెప్పను, మీ పిల్లలనే కనిపెట్టమనండి, అందులోనే సగం ఆట ఉంది.

కార్డులాట దగ్గర అసలు గొడవ వచ్చింది. పాత పెళ్లి పత్రికల అట్టలు కత్తిరించి పది కార్డుల మీద అంకెలు, పది కార్డుల మీద బొమ్మలు వేశాను. తలకిందులుగా పరిచి జత కలపాలి. మా తోటికోడలి పుట్టిల్లు గుంటూరు, వాళ్లది లూథరన్ సంఘం. ఆమె పిల్లలు సెలవులకొచ్చి మావాళ్లతో ఆటకు కూర్చున్నారు. ఐదు నిమిషాల్లో కేకలు. మా పెద్దోడు ఆరో అంకెకు కత్తి బొమ్మ జతపరిచాడు, అంటే హత్య వద్దని. వాళ్లబ్బాయి ‘ఆరోది అది కాదురా, ఐదోది’ అంటాడు. తల్లిదండ్రులు మావాడికి ఐదు, వాడికి నాలుగు. ఇద్దరూ కంఠత పట్టినవాళ్లే, ఇద్దరికీ సండే స్కూల్లో కార్డు వచ్చింది!

తప్పు ఎవరిదీ కాదు. నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయంలోగాని, ద్వితీయోపదేశకాండం ఐదులోగాని ఆజ్ఞల పక్కన ఒకటి రెండు అని అంకెలు లేవు. మొత్తం పది అని మాత్రం వేరేచోట ఉంది. లెక్కపెట్టే పద్ధతి సంఘానికో రకం. సీఎస్‌ఐ వాళ్లం, బాప్టిస్టులు, ఇంకా చాలామంది విగ్రహాల మాటను విడిగా రెండో ఆజ్ఞగా లెక్కపెడతాం. కేథలిక్కులు, లూథరన్లు దాన్ని మొదటిదాంట్లోనే కలిపేసి, చివర్లో ఆశపడటం గురించిన మాటను రెండుగా విడదీస్తారు. అందుకని మధ్యవన్నీ ఒక్కో అంకె ముందుకు జరుగుతాయి. యూదులైతే ఐగుప్తు నుంచి విడిపించిన దేవుడినని ఆయన తన్ను తాను చెప్పుకున్న మాటనే మొదటిదిగా లెక్కిస్తారు. వాళ్ల భాషలో వీటిని ఆజ్ఞలు అని కూడా అనరు, ‘పది మాటలు’ అంటారు. ఇదంతా పిల్లలకు చెప్పాను. మా పెద్దోడు చాలాసేపు మౌనంగా ఉండి, ‘మరి పరీక్షల ఏది రాయాలె?’ అన్నాడు. అంకెల కార్డులు పొయ్యిలో వేసి బొమ్మలకు బొమ్మలే జత చేశాను, బంగారు దూడకు చెవికమ్మలు, గాడిదకు పక్కింటి గుంజ. ఇప్పుడు ఎవరు ఏ సంఘం నుంచి వచ్చినా ఆడొచ్చు.

తర్వాత వైకుంఠపాళి. ఇది మనకు కొత్త కాదు. మన పెద్దలు పరమపద సోపాన పటం గీసిందే పాపపుణ్యాలు చెప్పడానికి. నిచ్చెనలకు సద్గుణాల పేర్లు, పాములకు దుర్గుణాల పేర్లు, పైన పరమపదం. తెల్లదొరలు దీన్ని 19వ శతాబ్దం చివర్లో తమ దేశానికి తీసుకెళ్లి అక్కడి నీతులు రాసుకున్నారు. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ పాముల్ని కూడా తీసేసి జారుడుబల్లలు పెట్టింది. ఇన్ని చేతులు మారిన ఆటలో పది ఆజ్ఞలు రాసుకుంటే తప్పేముందని చార్టు కాగితం మీద వంద గళ్లు గీశాను. పాము నోటి దగ్గర ‘అబద్ధ సాక్ష్యం’, నిచ్చెన కింద ‘అమ్మకు సాయం’. పాచికల బదులు గవ్వలు.

రెండో రోజే చిన్నది ఎదురు తిరిగింది. గవ్వలు వేస్తే దొంగతనం గడిలో పడి, పాము మింగి, మొదటి వరసకు వచ్చేసింది. ‘నేనేం దొంగతనం చెయ్యలే! గవ్వలు గట్ల పడ్డయి. గవ్వలను కొట్టు’ అని ఏడుపు. దాని మాటలో న్యాయం ఉంది. పాపం అనేది మనం ఎంచుకుని చేసేది, నెత్తిమీద వచ్చి పడేది కాదు. గవ్వల మీద నడిచే ఆట కర్మఫలం నేర్పుతుందేమోగాని ఆజ్ఞ నేర్పదు. అందుకని పాము నోటి దగ్గర ఒక చిట్టీల డబ్బా పెట్టాను. పాము గడిలో పడ్డవాళ్లు చిట్టీ తీసి చదవాలి. ‘కిరాణం కొట్టాయన చిల్లర పది రూపాయలు ఎక్కువిచ్చాడు. ఇంటికొచ్చాక చూశావు. ఏం చేస్తావు?’ ‘నీ జట్టువాడు అవుటయ్యాడు. అంపైర్ చూడలేదు. నిన్ను అడిగితే?’ ఇలాంటివి. చెప్పిన జవాబు మిగతావాళ్లకు నచ్చితే పాము వదిలేస్తుంది. నచ్చకపోతే వాదన. ఒక్కోరోజు ఒక చిట్టీ మీదే గంట గడిచిపోతుంది, ఆట ముందుకు కదలదు. నాకు ఆ రోజులే ఇష్టం.

మా మామయ్య మంచం మీద పడుకుని ఇదంతా వింటూ ఇంకో మాట అన్నారు. ‘నిచ్చెనలు ఎక్కి మోక్షానికి పోతరని నేర్పుతున్నవా పిల్లలకు? మనం నమ్మేది గది కాదు గదమ్మా.’ నిజమే. నిర్గమకాండంలో వరస చూడండి. ముందు ఐగుప్తు బానిసత్వం నుంచి బయటికి తీసుకురావడం, ఎర్ర సముద్రం దాటించడం, ఎడారిలో మన్నా పెట్టడం. సీనాయి కొండ, ఆజ్ఞలు ఆ తర్వాత. ఆజ్ఞలు పాటిస్తే విడిపిస్తానని దేవుడు అనలేదు, విడిపించాకే ఇలా బతకండని చెప్పాడు. అందుకని పటం మార్చాం. మొదటి గడిలో ఎర్ర సముద్రం గీసి, అందరూ అది దాటేసిన తర్వాతే మొదలవుతారని పెట్టాం. చివరి గడికి ‘పరలోకం’ అని రాసిన పేరు చెరిపేసి ‘ఇల్లు’ అని రాశాను. చిన్నపిల్లలకు ఈ తేడా తెలుస్తుందా అంటే తెలియదు. కానీ పటం మీద తప్పు రాసి తర్వాత సరిదిద్దడం కన్నా, రాసేటప్పుడే సరిగా రాయడం సుళువు.

విగ్రహాల ఆజ్ఞ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మాది ఎలాంటి ఊరో తెలియనివాళ్లకు ఇది అర్థం కాదు. భైంసా మహారాష్ట్ర అంచున ఉంది. 2016లో ఆదిలాబాద్ నుంచి విడిపోయి నిర్మల్ జిల్లాలోకి వచ్చాం. పత్తి వ్యాపారం. ఒకే గల్లీలో మూడు భాషలు వినిపిస్తాయి. మా ఎడమపక్క మరాఠీ కుటుంబం, ఆవిడను నేను వైనీ అంటాను, పిల్లలు కాకూ అంటారు. ఎదురింట్లో ఉర్దూ, ఆవిడ పిల్లలకు ఖాలా. దగ్గర్లోనే బాసర, ఏటా ఎంతోమంది తల్లులు పిల్లల చేత అక్షరాలు దిద్దించడానికి వస్తారు. ఇంత కలిసి ఉండే ఊరే 2008 అక్టోబర్లో, 2020 జనవరిలో, 2021 మార్చిలో గొడవలతో పేపర్లకెక్కింది. తలుపులేసుకుని, ఇంటర్నెట్ లేక, బయట ఏం జరుగుతోందో తెలియక పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకున్న రోజులు ఇక్కడి తల్లులందరికీ గుర్తే.

ఓ ఎండాకాలం మేం చుట్టాలింటికి పోయినప్పుడు అక్కడ జరుగుతున్న సెలవుల బైబిల్ బడికి పిల్లల్ని పంపాను. వీబీఎస్ అంటే మన దగ్గర తెలియని క్రైస్తవ ఇల్లు ఉండదు. 1898లో న్యూయార్క్‌లో ఒక మహిళ వీధుల్లో తిరిగే పిల్లల కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇది. అంతకన్నా ముందు 1780లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూలు పెట్టింది కూడా వారమంతా పనిచేసే పిల్లలకు చదువు చెప్పడానికే. ఈ ఆటపాటల బడులంటే నాకు చాలా గౌరవం. కానీ ఆ రోజు పిల్లలు ఆడొచ్చిన ఆట వింటే నాకు కడుపులో తిప్పింది. థర్మాకోల్ బొమ్మలు వరసగా నిలబెట్టి, బంతితో కొట్టి పడేయాలట. ఎన్ని పడేస్తే అన్ని పాయింట్లు. రెండో ఆజ్ఞ పాఠం. చిన్నది మూడు పడేసి చాక్లెట్ తెచ్చుకుంది.

ఆ ఆట నేర్పినవాళ్లకు చెడ్డ ఉద్దేశం లేదని నాకు తెలుసు. కానీ రేపు ఈ పిల్ల కాకూ వాళ్లింటికి పోతుంది. దేవుడి గూటి ముందు కూర్చుని వాళ్లబ్బాయితో కలిసి పోహా తింటుంది. చేతిలో బంతి ఉంటుంది. నేర్పిన ఆట బాగా నేర్చుకునే పిల్లలే మనకు ప్రమాదం. పైగా వాక్యం ప్రకారం చూసినా ఆ ఆట తప్పే. ఆ ఆజ్ఞ చెప్పింది పొరుగువాడి విగ్రహాల గురించి కాదు. నీ కోసం నువ్వు చేసుకోవద్దు, నువ్వు వంగొద్దు అని. బంగారు దూడ కథలో దూడను బయటివాళ్లెవరూ తేలేదు. వీళ్ల చెవుల కమ్మలు తీసి వీళ్లే కరిగించారు.

అక్కడి నుంచే మా ఆట వచ్చింది. ఒక్కొక్కరికి ఇరవై నాలుగు చింతగింజలు, అంటే రోజుకు ఇరవై నాలుగు గంటలు. ముందు గ్లాసులు: నిద్ర, బడి, ఆట, ఫోన్, అమ్మానాన్న, దేవుడు. నిన్న నిజంగా గడిపినట్టు గింజలు వేయాలి. తర్వాత లెక్కపెట్టాలి. ఎవరి దూడ ఏ గ్లాసులో ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఆయన కూడా ఒకసారి కూర్చున్నారు. ఫోన్ గ్లాసులోకి ఐదు గింజలు వేస్తుంటే చిన్నది ‘డాడీ, ఇంకో రెండు వెయ్యి’ అంది. తర్వాత ఆయనను ఆటకు పిలిస్తే పనుందంటారు.

ఆ ఆజ్ఞ గురించి ఇంకో ప్రశ్న నిర్మల్ బొమ్మల దగ్గర వచ్చింది. నిర్మల్ మా జిల్లా కేంద్రం, పొణికి కర్రతో చేసే పండ్లు, పక్షులు, జంతువుల బొమ్మలు మా ఇంట్లో అద్దాల బీరువా నిండా ఉన్నాయి. ‘ఏ రూపం చెయ్యొద్దని ఉంటే మరి గివి?’ అని పెద్దోడు. వాడి చేత బైబిల్ తీయించి వెతికించాను. దేవుడే మందసం మీద కెరూబుల రూపాలు చేయించాడు. ఎడారిలో మోషే చేత ఇత్తడి పాము చేయించాడు. ఆ పాముకే తర్వాతి కాలంలో జనం ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడు. పాము అదే, చూసేవాళ్లు మారారు. ఈ మూడు చోట్లూ వెతకడమే ఆ మధ్యాహ్నం ఆట అయింది. బీరువాలో చిలకలు అలాగే ఉన్నాయి.

మా ఇంట్లో ఆటంటే మావాళ్లిద్దరే ఉండరు. కాకూ వాళ్లబ్బాయి, ఖాలా వాళ్లమ్మాయి కూడా వచ్చి కూర్చుంటారు. మొదటిసారి వాళ్లు వచ్చిన సాయంత్రమే నేను రెండిళ్లకూ పోయి చెప్పాను. ఇవి మా బైబిల్ ఆటలు, మీకు ఇష్టమైతేనే పంపండి అని. వైనీ కాసేపు ఆలోచించి సూటిగానే అడిగింది, ‘ప్రార్థన చేయిస్తరా?’ అని. చేయించనన్నాను. మా ప్రార్థన ఆట అయిపోయి వాళ్ల పిల్లలు ఇంటికి పోయాకే. ‘దొంగతనం వద్దు, అబద్ధం వద్దు అంటే మంచిదే గద, మా వాడికి గంతే కావాలె’ అని నవ్వింది. ఖాలా వాళ్లమ్మాయి మోషే పేరు వినగానే ‘మూసా నబీనా? మాకు తెలుసు’ అంది. మా చిన్నదానికి అది పెద్ద వింత. మోషే మన ఒక్కరివాడే అనుకుంది. దాపరికం లేకుండా ముందే చెప్పుకోవడం వల్ల ఇన్నేళ్లలో ఒక్క మాట పడలేదు. చెప్పకుండా ఆడించి ఉంటే, మంచి మనసుతోనే ఆడించినా, ఈ ఊళ్లో అది ఇంకో రకంగా బయటికి పోయేది.

విశ్రాంతి దినం ఆజ్ఞ వాళ్లబ్బాయి వల్లే మావాళ్లకు బాగా అర్థమైంది. ఆ ఆజ్ఞలో పిల్లలతోపాటు పనివాళ్లకూ, పశువులకూ, ఇంట్లో ఉన్న పరదేశికీ సెలవు ఉంది. పశువులకు సెలవేంటని మావాళ్లు నవ్వుతుంటే వాడు, ‘పోళా రోజు మా మామ ఎడ్లకు పని చెప్పడు’ అన్నాడు. శ్రావణ అమావాస్యకు మా దగ్గర పొలాల పండుగ. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, ఆ రోజు కాడి ఎత్తరు. మావాళ్లూ చూసిందే, ఆలోచించలేదంతే. పెద్దోడు ఆజ్ఞ మళ్లీ చదివి, ‘అమ్మా, ఎద్దు ఉంది, గాడిద ఉంది, అమ్మ లేదు’ అన్నాడు. నేను చాలా ఏళ్లుగా చెప్పాలనుకున్న మాట. మన ఇళ్లల్లో ఆదివారం అందరికీ విశ్రాంతి దినం, ఆడవాళ్లకు చికెన్ దినం. అప్పటి నుంచి శనివారం రాత్రి చిట్టీలు వేస్తున్నాం: ఉల్లిగడ్డలు కోసేది ఒకరు, గిన్నెలు కడిగేది ఒకరు, మంచినీళ్లు పట్టేది ఒకరు. పనికొచ్చే ఆమెకు ఆదివారం సెలవు. జీతం కోయకుండా, చెప్పక్కర్లేదనుకుంటా.

ఏడో ఆజ్ఞకు నేను ఆట పెట్టలేదు. మూడు కాళ్ల పరుగు మాత్రం పెట్టించాను, ఇద్దరి కాళ్లు రుమాలుతో కట్టి. ఒకరు తమ దారిన తాము పోతే ఇద్దరూ పడతారు. అంతకుమించి ఏడేళ్ల పిల్లకు చెప్పాల్సింది ఏమీ లేదు. పెద్దోడితో మా ఆయన మాట్లాడతారు, దానికి ఆట అక్కర్లేదు.

పెద్దపిల్లలకు కథల లెక్క బాగా నచ్చింది. ఒక కథ చెప్పాలి, అందులో ఎన్ని ఆజ్ఞలు విరిగాయో పట్టుకోవాలి. మొదటి రాజుల గ్రంథం ఇరవై ఒకటిలో నాబోతు ద్రాక్షతోట తీసుకోండి. అహాబు రాజు పక్కవాడి తోట కోసం అన్నం మానేసి మంచమెక్కుతాడు, అది పదోది. ఇద్దరు తప్పుడు సాక్షుల్ని పెడతారు, తొమ్మిదోది. నాబోతును రాళ్లతో కొట్టిస్తారు, ఆరోది. తోట స్వాధీనం చేసుకుంటారు, ఎనిమిదోది. దావీదు బత్షెబ కథలో, ఆకాను బంగారం దాచిన కథలో కూడా మొదట విరిగేది పదోదే అని పెద్దోడు కనిపెట్టాడు. నేను చెప్పలేదు. బయటికి కనపడని ఆజ్ఞ అదొక్కటే, మిగతావాటికి తలుపు తీసేది కూడా అదే. గాడిద జోకు వేసుకుంటూ అన్నేళ్లు ఆ జాబితా చదివిన దాన్ని, ఆ మాటకు నేనే రాసుకున్నాను.

బహుమతుల గురించి ఒక మాట. చాక్లెట్లు పెట్టకండి. ఒకసారి చుట్టాల పిల్లలంతా చేరి ఎనిమిదో ఆజ్ఞ కార్డులాట ఆడుతుంటే ఒకడు కార్డు లాగులో దాచాడు. దొంగతనం వద్దనే కార్డే! డెయిరీ మిల్క్ కోసం. అందరం నవ్వాం, వాడు కూడా నవ్వాడు, కానీ ఆ రోజు నుంచి మా ఇంట్లో గెలిచినవాళ్లకు ఇచ్చేది ఒకటే: రేపటి ఆట ఏదో వాళ్లు చెప్పొచ్చు.

ఇక సాక్షి ఆట. పది ఆజ్ఞల్లో దేన్ని ఇంత కష్టపడి నేర్పాను అంటే తొమ్మిదోదాన్నే. మామూలుగా పిల్లలకు దాన్ని ‘అబద్ధం ఆడొద్దు’ అని చెప్పి వదిలేస్తాం. ఆజ్ఞ అంతకన్నా కచ్చితమైనది. పొరుగువాడి మీద చూడనిది చూశానని చెప్పొద్దని. ఒక్కరి మాట మీద ఎవరినీ దోషి అనకూడదని, ఇద్దరో ముగ్గురో సాక్షులు కావాలని ద్వితీయోపదేశకాండంలో ఉంది. అంటే ఇది నోటి గురించే కాదు, కంటి గురించి కూడా.

ఆట ఇలా. పళ్లెంలో పది వస్తువులు పెట్టాలి: తాళంచెవి, గాజు, ఉల్లిగడ్డ, అగ్గిపెట్టె, సూది, రూపాయి బిళ్ల, బొత్తాం, స్పూను, పసుపు కొమ్ము, రబ్బరు. ఒక నిమిషం చూపించి బట్ట కప్పేయాలి. తర్వాత ప్రశ్నలు. సరిగ్గా చెబితే రెండు మార్కులు. ‘చూడలేదు’, ‘గుర్తు లేదు’ అంటే ఒక మార్కు. లేనిది ఉందంటే మూడు పోతాయి. మధ్యలో నేను ‘కత్తెర ఏ పక్కన ఉంది?’ అని మామూలుగా అడుగుతాను. పళ్లెంలో కత్తెరే లేదు. మొదటిరోజు నలుగురు పిల్లల్లో ముగ్గురు ‘ఎడమ పక్క’ అన్నారు. నమ్మకంగా. కాకూ వాళ్లబ్బాయి అది ఎర్ర పిడి కత్తెర అని కూడా చెప్పాడు. బట్ట తీశాక వాడి మొహం చూడాలి. వాడు అబద్ధం ఆడలేదు, నిజంగానే వాడికి కనపడింది. అడిగినవాళ్లు అంత ధీమాగా అడిగితే లేని కత్తెర కూడా కనపడుతుంది.

చదరంగం నేర్పినట్టు ఈ ఒక్క ఆటనే మళ్లీ మళ్లీ ఆడించాను. ‘చూడలేదు’ అనడానికి పిల్లలకు చాలా ధైర్యం కావాలి, బడిలో ఆ మాటకు మార్కులుండవు కదా.

ఒక రోజు పెద్దోడు బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ‘అమ్మా, బస్టాండు దిక్కు కొట్టుకుంటున్నరంట, దుకాన్లు మూస్తున్నరంట!’ ఎవరు ఎవరిని కొడుతున్నారో కూడా వాడు చెప్పాడు. ఇక్కడ రాయను. మా అత్తమ్మ అప్పటికే కిటికీలు మూయడానికి లేచింది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, మా ఆయనకు చెబుదామని, మా అక్కకు చెబుదామని. చేతిలో ఫోన్ ఉండగానే వాణ్ణి అడిగాను.

‘నువ్వు చూసినవా బిడ్డా?’

‘లే.’

‘చెప్పినోడు చూసిండా?’

‘ఆటో అంకుల్ చెప్పిండంట వానికి.’

‘ఆటో అంకుల్ చూసిండా?’

వాడు ఆగాడు. కాసేపటికి, ‘కత్తెర’ అన్నాడు.

ఫోన్ పక్కన పెట్టి ఎదురుచూశాం. ఆ గంట ఎంత పొడుగ్గా ఉందో చెప్పలేను. ఎందుకంటే మా ఊళ్లో కొన్నిసార్లు కత్తెర నిజంగానే ఉంటుంది, కిటికీలు మూసుకోవాల్సిన రోజులు నిజంగానే వచ్చాయి. అందుకే ‘అంతా పుకారు’ అని కూడా పిల్లలకు చెప్పలేను, అది కూడా చూడనిది చెప్పినట్టే. సాయంత్రానికి మా ఆయన వచ్చి చెప్పారు. పత్తి లోడు లారీ ఒకటి మలుపులో ఇరుక్కుని, వెనక బండ్లు ఆగి, డ్రైవర్లు తిట్టుకున్నారట. అది కూడా ఆయన కళ్లారా చూశాకే నమ్మాడు పెద్దోడు. మళ్లీ మళ్లీ అడిగాడు, ‘నువ్వే చూసినవా డాడీ?’ అని.

ఈ ఆటతో ఇంట్లో ఒక తంటా వచ్చింది. చర్చిలో ఫలానా వాళ్ల కోడలు అత్తకు అన్నం పెట్టడం లేదట అని మా అత్తమ్మ చెబుతుంటే చిన్నది అడ్డం వచ్చి, ‘నానమ్మా, నువ్వు చూసినవా?’ అని అడిగింది. ఆమెకు కోపం వచ్చింది. ‘పెద్దోళ్లను గిట్లనే అడుగుతరా? ఐదో ఆజ్ఞ నేర్పలేదా మీ అమ్మ?’ అంది. నేర్పాను. అయితే తొమ్మిదోదానికి ఐదోదానికి పోటీ వస్తే ఏం చేయాలో నా చిట్టీల డబ్బాలో లేదు. అయ్యగారిని అడిగితే ఆయన నవ్వి, పెద్దవాళ్లను అడగొచ్చు, అడిగే గొంతు తగ్గించుకోమనండి అన్నారు. చిన్నది ఇప్పుడు నానమ్మ చెవిలో అడుగుతోంది. నానమ్మ కూడా చెవిలోనే జవాబిస్తోంది. ఏం చెబుతోందో మాకు వినపడదు.

ఈ ఏడాది వైకుంఠపాళి చార్టు చిరిగిపోయింది, పాత సిమెంటు సంచి కాగితం మీద కొత్తది గీస్తున్నాం. చిట్టీల డబ్బాలో యాభై దాకా ప్రశ్నలున్నాయి, సగం పిల్లలు రాసినవే. గవ్వలు రెండు పోయాయి, వాటి బదులు చింతగింజలు ఒకవైపు అరగదీసి వాడుతున్నాం, అవే బాగా పడుతున్నాయి. ఖాలా వాళ్లమ్మాయి నిన్న ఒక చిట్టీ రాసి డబ్బాలో వేసింది. ఎవరికి వస్తుందో చూడాలి, దాని చేతిరాత ఉర్దూలో ఉంది.